నూలు మీద బూజు పట్టు

తాతగారి కాలం నుంచి మాది బట్టల కొట్టు. రాజమండ్రి మెయిన్‌రోడ్డు వెనక సందులో ఒక పక్క ఇత్తడి సామాన్లు, ఇంకో పక్క కాఫీ పొడి మర, మధ్యలో మేము. పంచెలు, తువ్వాళ్ళు, లాంక్లాత్, దుప్పట్లు, దిండు గలీబులు. అన్నీ నూలే. పట్టు జోలికి పోలేదు. పట్టు అమ్మాలంటే పట్టుదల కావాలి, మనకి నూలు చాల్లే అనేవారు నాన్నగారు. మాటలతో ఆడుకోవడం ఆయనకున్న జబ్బు. ఆస్తిలో నా వాటాకి వచ్చింది అదే.

గోదావరి ఒడ్డున బట్టలమ్మేవాడికి శత్రువు ఎదురు కొట్టువాడు కాదు, బూజు. ముసురు పట్టిందంటే గోడలకి చెమటలు పోసేవి. గోడకి ఆనుకున్న మూట లోపల్నించి మెత్తబడేది. అందుకని మూటల్ని నేల మీద పెట్టకుండా చెక్కబల్లల మీదికెక్కించి, గోడకి జానెడు ఎడంగా జరిపేవాళ్ళం. వాన వెలిసి ఎండ కాసిన మొదటి రోజున కొట్టు సగం డాబా మీదికి చేరేది. ఆ రోజు బేరాలుండవు. థానులు విప్పి, మడతలు తిరగేసి ఆరబెట్టి, పొద్దువాలేలోపు మళ్ళీ మడిచి దించేవాళ్ళం. చిన్నప్పుడు నా పనల్లా మడతల్లో ముక్కు పెట్టి వాసన చూడటం. బూజు కంటికి కనపడకముందే ముక్కుకి తెలుస్తుంది. నాకు దక్కిన మొదటి ఉద్యోగం అది. నన్ను ముక్కుసూటి మనిషి అని ఎవరైనా అంటే కాదనను గానీ, కారణం మాత్రం ఇదీ.

అలాంటి ఇంట్లో పుట్టి నేను బూజు మీద పరిశోధన మొదలుపెట్టాను.

తొంభైల చివరి మాట. ఊళ్ళోనే ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే పార్ట్‌టైము లెక్చరర్ని. టైమంతా ఫుల్లే, పార్టన్నది జీతంలో ఉండేది. ఉద్యోగం గట్టిపడాలంటే ఎంఫిల్ ఉండాలన్నారు. పట్టా కావాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలి కదా. మా శాఖకి పెద్దాయన గైడుగా ఉంటానన్నారు. డిగ్రీలో నాకు పాఠం చెప్పింది ఆయనే. ఊరందరికీ ఆయన మాస్టారు, నాకూ మాస్టారే.

ఆ వేసవికి మాస్టారు రిటైరవుతారు. ఉద్యోగమంతా ఒకే కాలేజీలో, ఒకే ల్యాబులో గడిచింది. ఆకుని ఉడకబెట్టి, పచ్చరంగు తీసేసి, అయోడిన్ చుక్క వేసి, అది నీలంగా నల్లబడగానే ఇదిగో పిండిపదార్థం అని చూపించడం ఆయనకి సంధ్యావందనంతో సమానం. ఏటేటా కొత్త పిల్లలు, అదే ఆకు, అదే నలుపు. సెమినార్లకి వెళ్ళేవారు. వెనక వరసలో కూర్చుని, శ్రద్ధగా విని, భోంచేసి, రాత్రి పాసింజరుకి వచ్చేసేవారు. లేచి మాట్లాడింది ఎప్పుడూ లేదు. ఒకసారి ల్యాబులో టీ తాగుతూ నాతో అన్నారు, మన చేత్తో మనం కనుక్కున్న ముక్క ఒకటి, ఎంత చిన్నదైనా సరే, ఒక్కసారి ముందుకెళ్ళి నిలబడి చెప్పి దిగిపోవాలోయ్ అని. ఆయన పైకి చెప్పిన కోరిక నాకు తెలిసి ఇదొక్కటే. రిటైరైతే ల్యాబు ఉండదు, పిలుపూ ఉండదు. నా పట్టా ఆలస్యమైతే ఇంకొక గైడు దొరుకుతారేమో గానీ, ఆయనకి మాత్రం ఇంకో ఏడాది లేదు.

ఇక బూజు దొరికిన సంగతి. ఆ ఏడు తుఫాను వానలకి ఒక పంచెల మూట బల్ల మీంచి జారి గోడకి ఆనుకుంది. ఎవరమూ చూసుకోలేదు. విప్పేసరికి లోపల మడతల్లో ఆకుపచ్చ మఖమల్ ముక్క కుట్టినట్టుంది బూజు. నాన్నగారు దాన్ని తీసి అవతల పారేయబోతుంటే నేను అడ్డం పడ్డాను. మచ్చ మేరకి కత్తిరించి, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఆయన నావైపు తిరిగారు.

"బూజుని ఇంట్లోంచి తరమడానికి మాకు మూడు తరాలు పట్టింది. నువ్వు దాన్ని కాలేజీలో చేర్పిస్తున్నావు. ఫీజు ఎవరు కడతార్రా?"

ఫీజు సంగతి ఎలా ఉన్నా, సీటు మాత్రం దొరికింది. మాస్టారు మైక్రోస్కోపులో చూసి చాలా సంబరపడ్డారు. దానికో లాటిన్ పేరుంది, నోరు తిరిగినవాళ్ళు ట్రైకోడెర్మా అంటారు. మేము పచ్చబూజు అనేవాళ్ళం.

బూజుకి నోరు లేదు, పళ్ళు లేవు. ఒంట్లోంచి ఎంజైములు బయటికి వదిలి, తిండిని బయటే అరగదీసి, వచ్చిన చక్కెరనీళ్ళు పీల్చుకుంటుంది. మనం తిని అరిగించుకుంటాం, అది అరిగించుకుని తింటుంది. అజీర్తి అనే మాటే లేని సంసారం.

పంచె అయినా, వరిగడ్డి అయినా, మీరు చదువుతున్న ఈ కాగితమైనా లోపలున్నది సెల్యులోజు. చక్కెర అణువుల్ని పూసల్లా గుచ్చిన పొడుగాటి దండలు అవి. చక్కెరే కదా అని పంచె కొస నమిలితే తీపి తగలదు, ఆ దండల్ని తెంపే కత్తెర మన ఒంట్లో లేదు. బూజుకి ఉంది. అయితే సెల్యులోజు అంతా ఒక్క తీరుగా ఉండదు. కొన్నిచోట్ల దండలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని, వరస తప్పకుండా, నీటిబొట్టు కూడా దూరనంత బిగువుగా పేర్చి ఉంటాయి, మిల్లు నుంచి ప్రెస్సు కట్టి వచ్చిన బేలులాగా. కొన్నిచోట్ల వదులుగా, చిందరవందరగా పడి ఉంటాయి, పెళ్ళివారొచ్చి అన్నీ విప్పించి చూసి ఏమీ కొనకుండా లేచిపోయాక మా కొట్టులాగా. రెండూ నూలే. పట్టుకోవడానికి వచ్చినవాడికి మాత్రం రెండూ ఒకటి కాదు.

ఎంజైములో ఒక భాగం చెయ్యి, ఒక భాగం కత్తెర. రెంటినీ కలుపుతూ సన్నటి తాడు. చెయ్యి నూలుని పట్టుకుంటే కత్తెర దాని దగ్గర నిలబడి పని చేసుకుంటుంది. ఈ సంగతి ఒక రోజు గల్లా దగ్గర కూర్చుని నాన్నగారికి చెప్పాను. మామూలుగా నా చదువు గురించి చెబితే ఆయన వినే పద్ధతి వేరు, మధ్యలో లేచి తాళాలు వెతుక్కుంటారు. ఆ రోజు మాత్రం కదల్లేదు. మా కొట్టుకి వచ్చిన ప్రతివాడూ పంచె అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూస్తాడు. ఆ తర్వాతే కత్తెర మాట. ఆయన పుట్టినప్పట్నించి చూస్తున్నది అదే.

"పట్టి చూసినవాళ్ళందరూ కొనర్రా," అన్నారు.

మాస్టారి ప్రశ్న కూడా సరిగ్గా అక్కడే ఉంది. మా పచ్చబూజు వదిలే ఎంజైములు బిగువు నూలునీ వదులు నూలునీ ఒకేలా పట్టుకుంటాయా? పట్టుకున్నవన్నీ కత్తిరిస్తాయా?

మా పద్ధతి చాలా చవకైనది. తవుడు నీళ్ళల్లో బూజుని పెంచి వడకడితే గోధుమరంగు నీళ్ళు వచ్చేవి. ఎంజైములన్నీ అందులోనే. దానికి మేము పెట్టుకున్న పేరు కషాయం. ఆ కషాయంలో నూలు ముక్కలు వేసి ఐసులో ఉంచాలి. చలికి కత్తెర మొద్దుబారుతుంది గానీ చెయ్యి పట్టుకోవడం మానదు. తర్వాత ముక్కల్ని వేరుచేసి, నీళ్ళల్లో ఎంజైము ఎంత మిగిలిందో చూడాలి. తగ్గినదంతా నూలుని పట్టుకున్నట్టు లెక్క. క్లాసులో హాజరు వేసేవాడికి ఉన్నవాళ్ళతో పని, మాకు లేనివాళ్ళతో పని. ఇక కత్తెర సంగతి తెలుసుకోవాలంటే ఇంకొన్ని ముక్కల్ని కషాయంలో వేసి వెచ్చగా ఉంచి, ఎంత చక్కెర ఊడివచ్చిందో చూడాలి. దానికొక పసుపుపచ్చ మందుంది, చక్కెర తగిలితే మరిగించినప్పుడు ఇటుక రంగుకి తిరుగుతుంది. ఎంత ఎరుపైతే అంత చక్కెర.

శుద్ధమైన సెల్యులోజు పొడి బొంబాయి నుంచి తెప్పించాలని కాగితం పెట్టాం. ఆ కాగితం ఆఫీసులో బల్ల మార్చి బల్ల ఎక్కుతూ ఉండిపోయింది. నూలు కొట్టు పెట్టుకుని బొంబాయి వైపు చూడటం ఏమిటోయ్ అన్నారు మాస్టారు. అదీ నిజమే. నాన్నగారినడిగి మంచి నూలు పంచె ఒకటి తెచ్చి అమ్మకిచ్చాను. సోడా వేసి బాగా ఉడకబెట్టమని, పత్తికుండే మైనం, జిడ్డు మొత్తం పోవాలని, ఉతికి ఆరేసి ఇమ్మని చెప్పాను. పరిశోధనకని కూడా చెప్పాను. అమ్మ ఆ మాటని చాలా గౌరవంగా తీసుకుంది.

రెండు రోజుల తర్వాత పంచె చేతికొచ్చింది. కొంగ రెక్కలా తెల్లగా ఉంది, ఇస్త్రీ కూడా చేసింది. కత్తెర పెడితే కరకరా తెగింది. ముక్కలు గీత గీసినట్టు నాలుగు మూలలూ సమంగా వచ్చాయి. ఇంత ఒద్దికైన గుడ్డని నేనెప్పుడూ కోయలేదని అమ్మతో అన్నాను కూడా. ఆవిడ సంతోషించింది. పంచె మొత్తం అక్కర్లేకపోయింది, మిగిలిన ముక్క అమ్మ బీరువాలో దాచింది. గుడ్డ ముక్క పారేసే ఇల్లు కాదు మాది.

ముక్కల్లో సగం అలాగే ఉంచాం. అది బిగువు నూలు. సగాన్ని చల్లటి ఆసిడ్లో నానబెట్టి, జున్నులా ఉబ్బిపోయాక నీళ్ళల్లో పదేపదే కడిగాం. అది వదులు నూలు. పుస్తకాల ప్రకారం వదులుగా ఉన్నది త్వరగా తెగాలి, బిగువుగా ఉన్నది ఏళ్ళూ పూళ్ళూ పట్టాలి.

మాకు తలకిందులుగా వచ్చింది. వదులు నూలు వేసిన గాజుగొట్టంలో మందు నారింజ రంగుకి తిరిగి ఊరుకుంది. బిగువు నూలు గొట్టం మాత్రం కుంకుమ కలిపినట్టు ఎర్రబడింది. మళ్ళీ చేశాం, అంతే. కషాయం వెయ్యకుండా ఉట్టి ముక్క పెట్టి చూశాం, పసుపు పసుపుగానే ఉంది. అంటే చక్కెర ముక్కలోంచి దానంతటది కారడం లేదు, బూజే తీస్తోంది. అంతకన్నా వింత, ఐసులో పెట్టి పట్టు చూస్తే, బిగువు నూలుని ఎంజైము పట్టుకున్నదే తక్కువ. పట్టుకోవడం లేదు గానీ తెగ కత్తిరిస్తోంది.

దీనికి నేనొక సిద్ధాంతం కట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. పట్టుకోకుండా కత్తిరించే ఎంజైము, జేబు తాకకుండా జేబు కొట్టేసేవాడిలాంటిది, గోదావరి తేమలో పెరిగిన బూజుకి మాత్రమే అబ్బిన విద్య. మాస్టారు రెండు రోజులు ఆలోచించి, ఉండొచ్చోయ్ అన్నారు. ఆయన నోట ఆ మాట రావడమే గొప్ప. నేనైతే ఆ ఎంజైముకి నా ఇంటిపేరు తగిలించి లాటిన్లో పలికి చూసుకున్నాను, స్నానాల గదిలో, తలుపేసుకుని.

విశాఖపట్నంలో సెమినారుంది. మాస్టారు మొట్టమొదటిసారి పేరు నమోదు చేయించుకుని, చెప్పబోయే అంశం రాసి పంపారు. అది అచ్చయిన ఆహ్వానం కార్డు వచ్చింది కూడా. ఆ కార్డు ఆయన చొక్కా జేబులో పెట్టుకుని తిరగడం చూశాను. ఎవరికీ చూపించేవారు కాదు, ఉందా లేదా అని అప్పుడప్పుడు వేలితో తడిమి చూసుకునేవారు.

సెమినారుకి ఇంకా మూడు వారాలుందనగా ఒక ఆదివారం ఆయన్ని భోజనానికి పిలిచాం. పంచె ఇచ్చిన చేతికీ ఉతికిన చేతికీ కృతజ్ఞత చెప్పుకోవాలి కదండీ అంటూ వచ్చారు. హాల్లో నాన్నగారూ ఆయనా కూర్చున్నారు. వంటింట్లో అమ్మ గుత్తివంకాయకి కాయలు కోస్తోంది. మాటలు వింటూ కోసిందేమో, కత్తిపీట వేలికి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. కుళాయి కింద వేలు కడుక్కుని హాల్లోకి వచ్చి, బీరువాలోంచి గుడ్డ పీలిక చింపి టింక్చరు వేసి ఇమ్మంది. నేను చేతికందిన తెల్లగుడ్డ చింపాను. పంచెలో మిగిలిన ముక్కే అది. మడిచి, సీసా వంచి, చుక్కలు పోశాను.

టింక్చరు గోధుమరంగులో పడింది, పడుతూనే నీలం తిరిగి నల్లబడింది.

మా ఇంట్లో దెబ్బ తగిలినప్పుడల్లా గుడ్డ అలా నల్లబడుతూనే ఉండి ఉంటుంది. టింక్చరు రంగే అంత అనుకుని పెరిగాం. నేను దాన్ని అమ్మ వేలికి కట్టేస్తున్నాను. మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టి లేచి వచ్చారు. అమ్మ చెయ్యి వైపు వంగి చూశారు. టింక్చరులో ఉన్నదీ అయోడినే, జీవితమంతా పిల్లలకి చూపించిన నలుపు అది.

"అమ్మగారూ, ఈ గుడ్డకి గంజి పెట్టారా అండి?"

"పెట్టకుండా ఎలాగండి మాస్టారూ? సోడాలో ఉడికాక మరీ పీలికలా వేలాడింది. అబ్బాయి పదిమందిలోకి పట్టుకెళ్ళేది, అలా పంపిస్తామా?"

నా గుండె పీచుమంది. పీచు మీద పరిశోధన చేసేవాడికి ఆ మాత్రం తగినదే.

అంతా అప్పటికప్పుడే విడిపోయింది, చిక్కుముడిలో సరైన కొస లాగినట్టు. మా బూజు కషాయంలో నూలుని కోసే ఎంజైములే కాదు, గంజిని కోసేవీ ఉన్నాయి. గంజి కూడా చక్కెర దండే, ఇట్టే తెగే రకం. మేము చూసిన ఎరుపంతా గంజి కరిగి వచ్చిన చక్కెర. నూలు పోగులకి గంజి పూత అడ్డంగా ఉంది కాబట్టే ఎంజైముల చేతికి నూలు అందలేదు, పట్టు తక్కువ కనపడింది. ఆసిడ్లో నానబెట్టి అన్నిసార్లు కడిగిన ముక్కల్లోంచి గంజి ఎప్పుడో కొట్టుకుపోయింది, అందుకే అవి బుద్ధిగా పుస్తకంలో ఉన్నట్టు ప్రవర్తించాయి. గోదావరి తేమా లేదు, ప్రత్యేక విద్యా లేదు. ఉతికిన తెల్లబట్టకి గంజి పెట్టకుండా ఆరెయ్యడం తెలియని ఊళ్ళో నూలు ఎలా ఉంటుందో, అలా ఉంది మా నూలు.

నాన్నగారికి సంగతి చెప్పాను. ఆయన నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. మాస్టారి జేబులో కార్డు అంచు కనపడుతోంది.

అమ్మకి సగం అర్థమై సగం కాక, ఏదో పొరపాటు జరిగిందని మాత్రం తెలిసి, వడ్డన మొదలుపెట్టింది. మాస్టారు గుత్తివంకాయ మారు వడ్డించుకున్నారు. పులిహోర బాగుందన్నారు. చేతులు కడుక్కుని, కాస్త నడుద్దామా అని నన్ను అడిగారు.

కోటగుమ్మం మీదుగా గట్టుకి వెళ్ళాం. ఎండాకాలం ముందరి గోదావరి, ఇసక తిప్పలు బయటపడి ఉన్నాయి. నాకు తోచిన సలహా నేను చెప్పాను. ఒంట్లో బాగాలేదని ఉత్తరం ముక్క రాసేస్తే సరిపోతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. ఆయన అవతల ఒడ్డున కొవ్వూరు వైపు రైలు వెళ్ళేదాకా చూస్తూ నిలబడ్డారు.

"అచ్చయిన మాట అబద్ధమని తెలిశాక అది చదవలేను. పోనీ మానేద్దామంటే, వెనక వరసలో కూర్చోవడం నాకు బాగా వచ్చుగా, ఇంట్లో కూర్చోవడం దానికన్నా సుళువు," అన్నారు. వెనక్కి తిరుగుతూ, "మూడు వారాలుంది. గంజి వదిలిద్దాం పద," అన్నారు.

గంజి వదిలించడం అమ్మ వంతు. అందులో ఆవిడకి కష్టం కలిగించింది పని కాదు. బీరువాలో మిగిలిన పంచె ముక్కని కాగులో వేసి, మరిగే నీళ్ళు పోసి, నానబెట్టి, పిండి, మళ్ళీ మరిగే నీళ్ళు పోసేది. ప్రతిసారీ నేను ఒక మూల టింక్చరు చుక్క వేసి చూసేవాణ్ణి. మొదట నల్లగా, తర్వాత ఊదాగా, ఆ తర్వాత లేత నీలంగా, చివరికి గోధుమరంగు గోధుమరంగుగానే నిలిచింది. అప్పుడు ఆ ముక్కని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని చూసింది అమ్మ. ఇలాంటి చచ్చుబట్ట మన ఇంట్లోంచి బయటికెళ్ళడం ఇదే మొదలు, ఎవరడిగినా నేను ఉతికానని చెప్పకు అంది.

ఈలోగా ల్యాబులో ఫ్రిజ్జు కరెంటు కోతలకి తట్టుకోలేక కన్నుమూసింది. ఐసు లేనిదే పట్టు చూడలేం. ఊళ్ళో పొద్దున్నే ఐసు పుష్కలంగా దొరికేది చేపల మార్కెట్లో. నాన్నగారి మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్ళి అందులో ఐసు నింపించుకునేవాణ్ణి. నీచు ఎరగని ఇల్లు మాది. అమ్మ ఆ క్యారేజీని చింతపండుతో తోమి, బూడిదతో తోమి, వాసన చూసి, మళ్ళీ తోమి, చివరికి పెరట్లో కొళాయి దగ్గరే కాపరం పెట్టించింది. అది మళ్ళీ గడప దాటలేదు. బూజుకేమో చేపల ఐసు, నాకేమో స్టీలు గిన్నెలో చల్లారిన చారు అని నాన్నగారు కొట్లో కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నారు.

కొత్త ముక్కలతో చేసేసరికి అంతా ఒద్దికగా వచ్చింది. బిగువు నూలు గొట్టంలో మందు రంగు తిరిగీ తిరగనట్టు ఉంది. వదులు నూలు గొట్టం ఎర్రబడింది. పట్టు మాత్రం ఇప్పుడు బిగువు నూలు మీదా బాగా కనపడింది. అంటే పట్టుకుంటున్నాయి గానీ తొందరగా కత్తిరించలేకపోతున్నాయి, లోకంలో అందరి ఎంజైముల్లాగే. నా ఇంటిపేరు లాటిన్లోంచి తెలుగులోకి దిగిపోయింది.

పుస్తకంలో ఉన్నదే మళ్ళీ చెప్పడానికి విశాఖపట్నం దాకా ఎందుకు అని నాకనిపించింది.  బిగువు నూలు ముక్కల్ని తీసేశాక మిగిలిన కషాయాన్ని సింకులో పారబోస్తున్నాను. మాస్టారు నా మణికట్టు పట్టుకుని ఆపారు.

"ఉండు. బిగువు నూలుని పట్టుకునే రకమైతే ఈపాటికి పట్టుకునే ఉండాలి. ఇంకా ఎవరో మిగిలారు అందులో. వాళ్ళకేం కావాలో అడుగుదాం."

ఆ మిగులు కషాయంలో కొత్త బిగువు నూలు వేశాం. పెద్దగా ఏమీ పట్టుకోలేదు. అదే కషాయంలో వదులు నూలు వేశాం. నీళ్ళల్లో ఎంజైము గబుక్కున తగ్గింది. వెచ్చబెట్టి చూస్తే వదులు నూలుని బాగానే కత్తిరించింది, బిగువు నూలుని దాదాపు ముట్టలేదు. చాలాసార్లు చేశాం, పొరపాటేమోనన్న భయం మాకిప్పుడు బాగా ఒంటబట్టింది గనక ప్రతి ముక్కకీ ముందు టింక్చరు చుక్క వేసి మరీ చేశాం. ఎప్పుడు చేసినా అదే. బిగువు నూలుని పట్టే చేతులు వేరు, వదులు నూలుని పట్టే చేతులు వేరు. ఒకే బూజు రెండు రకాల నూలుకీ వేరువేరు మనుషుల్ని పంపిస్తోంది. మా కొట్లోనూ అంతేగా, మడత విప్పని పంచె అంచు నలిపి చూసే ఖాతాదార్లు వేరు, విప్పి పరిచిన తువ్వాళ్ళ గుట్టలో చెయ్యి పెట్టేవాళ్ళు వేరు.

పెద్ద పెద్ద ల్యాబుల్లో ఇలాంటిది ముందే చూసి ఉన్నారని మాస్టారికి తెలుసు. నాకూ చెప్పారు. "కానీ మీ గోడ బూజు గురించి మనకన్నా ముందు చూసినవాడు లేడు. అది చాలు," అన్నారు.

సెమినారుకి నేను వెళ్ళలేదు, పార్ట్‌టైమువాడికి సెలవులు ఉండవు. అది ముగిసిన మర్నాడు మాస్టారు పొద్దున్నే రైలు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా సరాసరి మా కొట్టుకి వచ్చారు. నాన్నగారు స్టూలు వేసి పక్క మరలోంచి కాఫీ చెప్పారు. నాకు కబురు పంపితే క్లాసు మధ్యలో వదిలి పరిగెత్తాను.

వెళ్ళి నిలబడి, ముందు అచ్చయిన అంశం తప్పని చెప్పారట. ఎందుకు తప్పో చెప్పడానికి గంజి సంగతి మొదలుపెట్టారట. ఇచ్చిన సమయంలో సగం గంజికే పోయిందట. కొందరు నవ్వారు. వాళ్ళ నవ్వు అయ్యేదాకా ఆగి, మిగిలిన సగంలో రెండు రకాల చేతుల సంగతి చెప్పి దిగిపోయారు. ఎలా చెప్పారని నేనడిగితే, క్లాసులో చెప్పినట్టే చెప్పాను, చివర హోమ్‌వర్కు ఇవ్వలేదంతే అన్నారు. తర్వాత భోజనాల దగ్గర ఎక్కడో దూరపు ల్యాబు నుంచి వచ్చినావిడ పక్కన కూర్చుని, మీ బూజు కాస్త మాకు పంపగలరా, మా దగ్గరున్న నూలు రకాల మీద కూడా చూస్తాం అని అడిగింది. ఈ మాట చెబుతున్నప్పుడు మాస్టారు మావైపు చూడలేదు. పక్కనున్న పంచెల దొంతరలో పై పంచె అంచుని రెండు వేళ్ళ మధ్య పెట్టి నలుపుతూ ఉన్నారు.

మూడు తరాలు తరిమిన బూజుకి పిలుపొచ్చిందన్నమాట అన్నారు నాన్నగారు. అంతకన్నా ఆయన మాటలతో ఆడుకోలేదు. కొట్లో మంచి పంచెలచాపు ఒకటి తీసి మాస్టారి ఒళ్ళో పెట్టారు.

బూజుని బాగా పెంచి, అది కుదురుకుని పచ్చబడ్డాక పంపాలి. అదయ్యేసరికి వేసవి వచ్చింది, మాస్టారి వీడ్కోలు సభ కూడా అయిపోయింది. గాజుగొట్టంలో పచ్చబూజు, మూతికి దూది బిరడా, చుట్టూ రంపపు పొట్టు, దాని చుట్టూ చెక్కపెట్టె. ఆ రోజుల్లో పార్సిలంటే గుడ్డలో కుట్టి, కుట్ల మీద లక్క ముద్రలు వెయ్యాలి. ఆ పని మా ఇంట్లోనే పెట్టుకున్నాం. నాన్నగారు తెల్లటి లాంక్లాత్ కొలిచి కత్తిరించి, గోనెసూదితో కుట్టడం మొదలుపెట్టారు. కొత్త గుడ్డలో ఉన్న గంజి పార్సిలు లోపల బూజుని ఊరిస్తుందేమోనని నేనే ముందు రోజు దాన్ని మరిగే నీళ్ళల్లో వేయించాను. అతి జాగ్రత్త ఒంటికి పడితే అంత త్వరగా వదలదు.

ఆఖరి కుట్టు దగ్గర నాన్నగారు సూది ఆపారు.

"మాస్టారూ, ఇదీ నూలే కదండీ. దారిలో లోపలున్నది దీన్ని తినేస్తేనో?"

"తినడానికి చాలా టైము పడుతుందండి. పట్టుకోవడం మాత్రం వెంటనే."

లక్క కరిగించి ముద్రలు వేశాం. మాస్టారు కలం తీసి చిరునామా రాయబోయారు. మొదటి అక్షరం పెట్టగానే సిరా నాలుగు వైపులా పాకి, అక్షరం కాస్తా మేఘమై కూర్చుంది. గంజి లేని గుడ్డ మీద సిరా ఆగదు. ఆయన కలం ఎత్తి పట్టుకుని నావైపు చూశారు, నేను గోడవైపు చూశాను.

అమ్మ వంటింట్లోంచి అంతా చూస్తూనే ఉంది.  గిన్నెలో కాస్త గంజి తెచ్చి, మాస్టారికి చూపించి, పెట్టమంటారా అండి అని అడిగింది. పెట్టండమ్మగారూ, ఇప్పుడు పరవాలేదు అన్నారాయన. చిరునామా రాసేచోట రెండు వేళ్ళతో పూసి, ఆరాక ఇస్త్రీపెట్టె ఆనించింది. అక్కడి మేర గుడ్డ పలకలా బిగిసింది.

మాస్టారు బూజు అడిగినావిడ ల్యాబు చిరునామా రాశారు. కింద పంపినవారి చోట కాలేజీ పేరు రాయబోయి, కలం ఎత్తి, తన పేరూ ఇంటి నంబరూ వీధీ రాసుకున్నారు. తర్వాత పెట్టెని వెలుతురు వైపు తిప్పి కొంతసేపు చూశారు. సిరా పాకలేదు.